త్రీడీ వార్షికోత్సవం

“జిగురు గదిలో తీసినవన్నీ పక్కన పడెయ్,” అన్నాడు యజమాని. “శుభమా అని పండగ చేసుకుంటుంటే ఆ మసి మొహం ఎందుకు?”

ఫొటోగ్రాఫర్ ఆ స్లైడులన్నీ ఏరి సంచీలో వేసుకున్నాడు. బల్ల మీద మిగిలినవన్నీ యజమానివే. రిబ్బన్ కత్తిరిస్తున్నవి, కొత్త మిషన్ మీద చెయ్యి వేసి నిలబడ్డవి, మొక్కకు నీళ్ళు పోస్తున్నవి. త్రీడీ కళ్ళజోళ్ళు తయారుచేసే ఆ ఫ్యాక్టరీకి పాతికేళ్ళు నిండుతున్నాయి. కొనుగోలుదార్లనూ అధికారులనూ పిలిచి, తన ఘనతంతా త్రీడీలోనే చూపించాలని ఆయన ముచ్చట. ముచ్చటే కానీ, ఇన్ని లక్షల కళ్ళజోళ్ళు అమ్మిన మనిషి ఒక్కటంటే ఒక్కటి తన ముక్కు మీద పెట్టుకుని ఎరగడు.

అంతలో చెకింగక్క వచ్చింది. తయారైన ప్రతి కళ్ళజోడూ ఆవిడ సరేనంటేనే పెట్టెలోకి వెళుతుంది. పద్దెనిమిదేళ్ళుగా అదే పని. ఎందుకొచ్చిందో ఆయనకు తెలుసు. నెల రోజులుగా ఒకటే పాట.

జిగురు గది వెనక తలుపుకు లోపలి గొళ్ళానికి తాళం వేయించి రెండేళ్ళయింది. ఆడవాళ్ళు గాలి కోసమని బయటికెళ్ళి పావుగంట కబుర్లాడి వస్తున్నారట, అదీ ఆయన బాధ. కిందటి నెల ముందు గుమ్మం దగ్గర జిగురు డబ్బాకు నిప్పంటుకుంది. లోపలున్న పదకొండు మందీ వెనక తలుపు బాదుతూ నిలబడ్డారు. తాళంచెవేమో ఈయన జేబులో ఇంటికి భోజనానికి వెళ్ళింది. చివరికి ఎవరో కిటికీ ఊచలు వంచితే అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. మూడో బల్ల అమ్మాయి చేతులకు మాత్రం ఇంకా కట్లు విప్పలేదు. తర్వాత కొత్త బల్లలొచ్చాయి, కొత్త పంఖాలొచ్చాయి. తాళం మాత్రం పాతదే.

చెకింగక్క ఆ తలుపు సంగతి మంటలకు ముందూ చెప్పింది. ఏడాది కిందట ఓ థియేటర్ వాళ్ళు బస్తాడు కళ్ళజోళ్ళు తిప్పి పంపినప్పుడు, ఈయన అందరినీ తిట్టిపోస్తుంటే, ఓపిగ్గా విడమరిచింది. రెండు ప్రొజెక్టర్లు ఒకే తెర మీద రెండు బొమ్మలు వేస్తాయి. ఎడమ అద్దం ఎడమదాని బొమ్మనే చూడనిస్తుంది, కుడి అద్దం కుడిదాని బొమ్మనే. రెండూ కలిస్తేనే బొమ్మ ముందుకొచ్చినట్టుంటుంది. జిగురు వాసనకు తల తిరిగినవాళ్ళు రెండు కళ్ళకూ ఒకవైపు అద్దాలే బిగించేస్తున్నారు, కాస్త గాలి ఆడితే ఈ తప్పులుండవు, తలుపు తియ్యండి అంది. ఆయన చెవికెక్కింది తలుపన్న మాటొక్కటే. అది వినగానే లేచి వెళ్ళిపోయాడు.

ఈసారి మాత్రం లేవలేదు. రేపు అతిథుల ముందు, బొమ్మలయ్యాక, మంట జిగురు గది ఆడవాళ్ళ అజాగ్రత్త వల్లే లేచిందని మైకులో చెప్పమన్నాడు. చెప్పకపోతే ఎల్లుండి నుంచి రావద్దన్నాడు.

చెకింగక్క కళ్ళు దించలేదు. “నేను రోజూ పొద్దున్నే ఆ పిల్లకి ముద్దలు కలిపి నోట్లో పెట్టి వస్తున్నాను సార్. తప్పు దానిదేనని నేనెట్లా అంటాను? ఉద్యోగం మీది, తీసుకోండి. నోరు నాది.”

“నేను చూపించిందే జనం చూస్తారు. నువ్వేం చెప్పినా ఎవరూ నమ్మరు.”

“చూద్దాం సార్. రేపటి కళ్ళజోళ్ళు మాత్రం నేనే సరిచూసి, నేనే పంచుతాను. అదొక్కటి కాదనకండి.”

తాటాకు చప్పుళ్ళనుకుని ఆయన లోలోపల నవ్వుకున్నాడు. పోయేముందు ఒక రోజు పని చేసిపెడతానంటే ఎవరికి చేదు?

మర్నాడు హాలు గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్ళందరికీ చెకింగక్కే కళ్ళజోళ్ళు అందించింది. యజమానికి మాత్రం బంగారు రంగు కాయితం అంటించిన జోడు పళ్ళెంలో పెట్టి తెచ్చింది. ఆయన భార్యకు అందరికీ ఇచ్చినలాంటిదే ఇచ్చింది. ఎంత పెద్ద నోరైనా జీతం మాటెత్తితే దారికొస్తుందని ఆయన భార్య చెవిలో అన్నాడు. అయినా మనిషిని నమ్మక, మైకు దగ్గర ఇద్దరు కాపలావాళ్ళను నిలబెట్టాడు.

దీపాలార్పారు. వేణువు మొదలైంది. తెర మీద ఆయన రిబ్బన్ కత్తిరించాడు. బొమ్మలు మీదికి దూకుతాయని విన్నాడు కానీ, ఏదీ దూకలేదు. ఈ మాత్రం దానికా జనం ఎగబడేది అనుకున్నాడు. కొనేవాళ్ళకు దూకితే చాలు, తనకెందుకు?

హాల్లో మాత్రం ఒక్కరూ కదలడం లేదు. ఆయన మిషన్ మీద చెయ్యి వేసిన బొమ్మ వచ్చేసరికి వెనకెవరో “అయ్యో” అన్నారు. మొక్కకు నీళ్ళు పోస్తున్న బొమ్మకు ఎవరో ముక్కు ఎగబీల్చారు. ఇంతలా కదిలిస్తానని ఆయనే అనుకోలేదు. ఛాతీ రెండింతలైంది. పక్కన భార్య ఆయన చేతిలోంచి తన చెయ్యి లాక్కుంది. ఏడుపు ఆపుకోలేక కళ్ళు తుడుచుకోవడానికేమో అనుకున్నాడు.

ముందు వరసలోంచి ఫ్యాక్టరీల తనిఖీ అధికారి లేచాడు. “ఆ తాళంచెవి ఎవరి దగ్గరుంది?”

యజమాని గతుక్కుమని మైకు వైపు చూశాడు. కాపలావాళ్ళిద్దరూ కళ్ళజోళ్ళు పెట్టుకుని తెరకేసి నోళ్ళు తెరిచి చూస్తున్నారు. గుమ్మంలో చెకింగక్క చేతులు కట్టుకుని నిలబడి ఉంది. పెదవి విప్పలేదు. రెండు ప్రొజెక్టర్ల మధ్య ఫొటోగ్రాఫర్, ఖాళీ అయిన సంచీ పక్కన పెట్టుకుని, తల వంచుకుని తన పని తాను చేసుకుపోతున్నాడు.

“ఆవిడేదో మీకు ముందే నూరిపోసినట్టుంది సార్,” అన్నాడు యజమాని. తెర మీద నీళ్ళు పోస్తున్న తన బొమ్మకేసి చెయ్యి చాపాడు. “ఆ మాటలన్నీ ఎందుకు? అదుగో, కళ్ళెదురుగా కనిపిస్తోందిగా. ఈ ఫ్యాక్టరీని నేనెలా చూసుకుంటున్నానో మీరే చూడండి.”

భార్య ఆయన ముక్కు మీది బంగారు జోడు తీసేసి, తన కళ్ళజోడు పెట్టింది.

“ఇప్పుడు చూడండి,” అంది.

తెర నిండా తాళం వేసిన తలుపే ఉంది.