అరవై ఎనిమిది దాటిన అమ్మ

మా అమ్మ వస్ఫియ వయసు ఎన్నో ఏళ్లుగా అరవై ఎనిమిది దగ్గరే ఆగింది. జోర్డాన్‌లోని ఇర్బిద్ ఊళ్లో మా వీధంతటికీ ఆ సంగతి తెలుసు.

రొమ్ము క్యాన్సర్ ఉచిత పరీక్ష ఇకమీదట డెబ్బై దాటిన ఆడవాళ్లకూ చేస్తారని తెలియగానే, అమ్మే నన్ను తోడు రమ్మంది.

ఆసుపత్రి వరుసలో సగం మంది మా వీధివాళ్లే. నర్సు వయసు అడిగింది.

"డెబ్బై మూడు," అంది అమ్మ, అందరికీ వినబడేలా.

"మొన్న రంజాన్ పండక్కి నాకంటే చిన్నదాన్నన్నావే," అని పొరుగింటావిడ నవ్వింది.

"అప్పుడు చిన్నదాన్నే. ఇందాకట్నుంచి నీ కబుర్లు విని ముసలిదాన్నయ్యాను."

"ఉచితమనేసరికి ఒక్కసారే ఐదేళ్లు పెరిగావమ్మా," అన్నాను నేనూ నవ్వుతూ.

అమ్మ నా చేయి పట్టుకుని నర్సు ముందుకు లాగింది.

"ముందు మా పెద్దదాన్ని చూడు తల్లీ. దీనికి యాభై నాలుగు. నమాజులో గుండెల మీద చేతులు కట్టుకునేటప్పుడు ఈ మధ్య ఎడమవైపు తగలనివ్వడం లేదు."

నేను తల దించుకున్నాను. అది ఇన్నాళ్లూ ఎవరూ గమనించలేదనుకున్నాను.

"తన కోసమంటే రాదు," అంది అమ్మ. "ముసలి తల్లికి తోడంటే వస్తుంది."