ఎడమ చేతికి టీ

కాంటీన్‌లో బూర మోగింది.

కొత్తమ్మాయి ఉలిక్కిపడింది. ఎడమ చేతిలోని టీ గ్లాసు గబుక్కున పైకి లేచింది. సగం టీ ఇస్త్రీ చొక్కా మీద పడింది.

"చచ్చావమ్మా," అన్నాడు అక్కడ టీ పోసే బూర తాత, తాపీగా.

"చచ్చింది నా చొక్కా! మీకేమన్నా పిచ్చా?"

"చెయ్యి దిగాలి. లేపావు."

నడుముకు కట్టుకున్న పాత సైకిల్ బూరను సర్దుకుని, గ్లాసు లాక్కుని లోపలికి వెళ్లిపోయాడు. మిగిలిన సగం టీ కూడా దక్కనివ్వలేదు.

బల్లల దగ్గరున్నవాళ్లు పడీపడీ నవ్వారు. అది హెలికాప్టర్ నడపడం నేర్పే స్కూలు. కొత్తగా చేరిన ఎవరికైనా మొదటి వారం ఈ టీ స్నానం తప్పదు.

తాత పద్ధతే అంత. టీ ఎడమ చేతికే ఇస్తాడు. బూర ఎప్పుడు నొక్కుతాడో తెలీదు. మోగగానే చెయ్యి కిందికి దిగితే టీ నీది. పైకి లేచిందా, టీ లేదు.

మధ్యాహ్నం క్లాసులో కెప్టెన్ ప్రమాదాల పుస్తకం తెరిచాడు.

"చిన్న హెలికాప్టర్లు ఎందుకు పడతాయి? కరెంటు తీగలు తగిలి. లేచేటప్పుడు కింది ఇనప కాలు బురదలో ఇరుక్కుని, పల్టీ కొట్టి. తేమ రోజుల్లో ఇంజన్‌కి గాలి వెళ్లే దారిలో మంచు పట్టి. కానీ ఇంజన్ ఆగినంత మాత్రాన చావరు. ఆ తర్వాత మన చెయ్యి చేసే పనికి చస్తారు."

బోర్డు మీద సీటు బొమ్మ గీశాడు. దాని ఎడమ పక్కన లివర్ గీశాడు. పైకి లాగితే హెలికాప్టర్ లేస్తుంది, కిందికి నొక్కితే దిగుతుంది.

"నెత్తిన రెక్కల వేగం తగ్గితే హారన్ మోగుతుంది. వెంటనే లివర్ దించెయ్యాలి. అప్పుడు కింది నుంచి తన్నే గాలికి రెక్కలు తిరుగుతూనే ఉంటాయి, మెల్లగా దిగొచ్చు. నేల అందబోయే ముందు మాత్రమే ఒక్కసారి లాగాలి. కానీ పడిపోతున్నామంటే ఎవరి చెయ్యైనా పైకే లాగుతుంది. లాగితే రెక్కలు ఆగిపోతాయి. మీకుండేది సెకనో, సెకనున్నరో. ఈ పుస్తకంలో మొదటి కేసు అదే. ఒంటరిగా ఎగిరిన మొదటి రోజే, ఒక కుర్రాడు."

సాయంత్రం కాంటీన్‌లో ఆమె ఆ కేసే ఎత్తింది.

"దించాలని మొదటి పాఠంలోనే చెప్తారు కదా! ఆ మహానుభావుడు క్లాసులో నిద్రపోయాడా?"

అందరూ గొల్లుమన్నారు.

తాత టీ పోయడం ఆపలేదు.

"వినే ఉంటాడమ్మా. తలకెక్కింది. చేతికెక్కలేదు."

"మీకెలా తెలుసు తాతా? మీరూ పైలెట్టేనా ఏంటి?"

జవాబుగా బూర మోగింది. ఆమె చెయ్యి లేచింది.

"మళ్లీ చచ్చావు," అన్నాడు తాత గ్లాసు తీసుకుంటూ.

ఆయన లోపలికి వెళ్లాక పక్కవాడు గొంతు తగ్గించాడు. "పాత పైలెట్టే అయ్యుంటాడు. ఎక్కడో ఒకటి కూల్చుంటాడు. అందుకే ఇక్కడ గ్లాసులు కడుగుతున్నాడు."

ఆమెకు పంతం పట్టుకుంది. గదిలో తోటి అమ్మాయి చేతికి నీళ్ల చెంబిచ్చి నోటితో 'పీప్' అనేది. ఆ అమ్మాయి తిరిగి అనేది. మూడు రోజులకు వసతిగృహమంతా పీప్‌లే. మెట్ల మీద పీప్, బట్టలారేసే చోట పీప్. నేల ఎప్పుడూ తడే.

మూడో వారంలో బూర మోగేసరికి ఆమె తల తిరక్కముందే చెయ్యి దిగింది.

తాత టీ కెటిల్ ఎత్తాడు. గ్లాసు అంచుదాకా పోశాడు.

ఒంటరిగా ఎగరాల్సిన రోజు వచ్చింది. రాత్రి వాన పడి ఆగింది. గాలి నిండా తడి.

ఏడు వందల అడుగుల ఎత్తులో ఇంజన్ రెండుసార్లు దగ్గింది. మూడోసారి దగ్గలేదు.

హారన్ మోగింది.

ఎడమ చెయ్యి దిగిపోయింది. దించాలి అన్న ఆలోచన ఆ తర్వాత వచ్చింది.

ఇంజన్ చప్పుడు లేదు. నెత్తిన రెక్కలు మాత్రం ఈల వేస్తూ తిరుగుతున్నాయి. ఎదురుగా కోతకోసిన గడ్డి మైదానం. నేల మీదమీదకి వస్తోంది. చివర్లో హెలికాప్టర్ ముక్కు పైకెత్తింది. వేగం చచ్చింది. అప్పుడు లాగింది లివర్‌ని. ఇనప కాళ్లు గడ్డిని రాసుకుంటూ రెండు బారలు జారి ఆగాయి.

హెలికాప్టర్ మీద గీత పడలేదు. ఆమె మీదా పడలేదు.

జీపు ఇంకా ఆగకుండానే కెప్టెన్ దూకేశాడు.

"దెబ్బలేమన్నా తగిలాయా?"

"లేదు సార్. టీ తాగాలనుంది."

"టీనా?"

"ఎడమ చేత్తో."

వెనకాల పరిగెత్తుకొచ్చినవాళ్లు ఆమెను భుజాల మీదికెత్తుకున్నారు. మైదానం దద్దరిల్లేలా అందరూ ఒక్క గొంతుతో "పీ...ప్!" అని అరిచారు. ఆమె చెయ్యి మళ్లీ దిగింది. నవ్వులే నవ్వులు.

అలాగే కాంటీన్ దాకా మోసుకెళ్లారు. పొయ్యి చల్లగా ఉంది. గ్లాసులు కడిగి బోర్లించి ఉన్నాయి.

"తాతేడి సార్?"

"పొద్దున్నే వెళ్లిపోయాడు. నది అవతల కొత్త స్కూలు పెట్టారట. ఇక్కడ పిల్లలు ఒకరికొకరు ఊదుకుంటున్నారు, ఇక నాతో పనేముంది అన్నాడు."

ఆమె భుజాల మీంచి దిగింది.

"ఆయన ఎన్ని వేల గంటలు ఎగిరుంటారు సార్?"

"ఆయనా? ఒక్క గంట కూడా లేదు. ఓసారి ఎక్కించుకుని తిప్పుతానంటే వద్దు బాబూ అని దణ్ణం పెట్టాడు. కానీ ఆయనొచ్చిన ఈ తొమ్మిదేళ్లలో పైన హారన్ మోగింది మూడుసార్లు. ముగ్గురూ నడిచొచ్చారు. మూడోదానివి నువ్వు."

"మరి ఆయనెవరు సార్?"

కెప్టెన్ సంచిలోంచి ప్రమాదాల పుస్తకం తీసి, మొదటి కేసు మీద వేలు పెట్టాడు.

"ఈ కుర్రాడి నాన్న."