తగలకుండా దాటిన బండి

“అయ్యో, గుద్దేస్తున్నాడే!”

వీరరాఘవమ్మ ఒళ్ళోని చేట ఒరిగిపోయి, తొడిమలు తీసిన మిరపకాయలన్నీ నేలపాలయ్యాయి.

కూతురు సుప్రజ ల్యాప్‌టాప్ తెరమీద ఒక మోటారు సైకిలు, దానిమీద కూర్చున్న బొమ్మ మనిషి నేరుగా లారీ పక్కకు దూసుకుపోతున్నారు. వీరరాఘవమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. కాసేపటికి ఒక కన్ను తెరిచింది. లారీలోంచి, దాని చక్రాల మధ్య బిగించిన ఇనప అడ్డులోంచి, పొగలోంచి వచ్చినట్టు బండి అవతలికి వచ్చేసింది. బొమ్మ మనిషి తల కూడా కదల్లేదు.

“ఏం కాలేదే!” అంది ఆశ్చర్యంగా.

“అదేనమ్మా నా ఖర్మ,” అని తల పట్టుకుంది సుప్రజ.

లారీ విడిభాగాలు తయారుచేసే చెన్నై కంపెనీకి ఆమె కారంపూడి ఇంట్లోంచే పనిచేస్తుంది. బండి మీద వచ్చేవాళ్ళు లారీ కిందకి పోకుండా ఆపే కొత్త అడ్డు గీసింది తనే. అది ఆపుతుందని నాలుగింటికల్లా పై అధికారి జయకర్ సార్‌కి చూపించాలి. చూపించలేకపోతే పాత పల్చటి అడ్డునే తయారీకి పంపేస్తారు. అప్పుడే రెండున్నర.

“తగలకపోతే మంచిదేగా. దాంట్లో తప్పేందంట?”

“రోడ్డు మీదైతే తగులుద్దిగా! రెండు వస్తువులు ఒకేచోట ఉండలేవని కంప్యూటర్‌కి తెలీదమ్మా. ఇది దీనికి తగులుద్ది అని మనమే చెప్పాలి. దాన్నే కాంటాక్ట్ అంటారు.”

“చెప్పకపోతే?”

“ఇట్టాగే ఒకదాంట్లోంచి ఒకటి దూరిపోతయ్.”

వీరరాఘవమ్మ నోరు తెరుచుకుని తెరకేసి చూసింది. “తగలడమంటేనే తెలీదా దానికి!” అని గొణిగింది. “ఇంకోసారి చూపీయవే.”

“నాకు స్కూటీ కొంటానంటే ఇల్లు పీకి పందిరేస్తావు. ఈ బండినేమో మళ్ళీ మళ్ళీ చూస్తానంటావు. ఏందమ్మా నీ గోల?”

“నరసరావుపేటకి బస్సులు లేవా ఏంది? స్కూటీ మాట ఎత్తబాక.”

సుప్రజ తను కంప్యూటర్‌కి రాసిచ్చిన వరసలన్నీ వెతికింది. నిన్న కొత్త అడ్డు పెట్టినప్పుడు దాని నంబరు మారింది. కాంటాక్ట్ జాబితాలో ఇంకా పాత నంబరే ఉంది. అది సరిచేసి మళ్ళీ నడిపింది. చిన్న మోడల్ కాబట్టి పావుగంటలో ఫలితం వచ్చింది.

ఈసారి బండి ఇంకా దూరంగా ఉండగానే అడ్డు ముక్కలు ముక్కలై నలుదిక్కులకూ ఎగిరింది.

“కోటయ్య సామీ! తగలకుండానే పేలిందే! నీ మిషన్ కూడా పేలుద్దేమో, ఇవతలికి రా!”

“మిషన్ పేలదమ్మా. మొదట్లోనే ఎక్కడో రెండు ముక్కలు ఒకదాంట్లోకి ఒకటి చొచ్చుకుని ఉంటయ్. వాటిని విడదియ్యాలని కంప్యూటర్ విసిరికొడుద్ది. ఎక్కడో తెలిస్తేగా! వంద అతుకులున్నయ్.”

“ఎడమ పక్క కింది బోల్టు దగ్గరే.”

“నీకెట్టా తెలుసు?”

“ముందు అక్కడే అదిరింది. ఎక్కడ చెడుద్దా అని చూసే కళ్ళే నావి.”

సుప్రజ ఆ మూలను పెద్దది చేసి చూసింది. బోల్టు తల, అడ్డు రేకులోకి వెంట్రుకవాసి దిగబడి ఉంది. దాన్ని వెనక్కి జరిపి మళ్ళీ నడిపింది. కరెంటు పోకుండా ఉండాలని వీరరాఘవమ్మ ఫ్యానుకేసి చూస్తూ పావుగంట లోలోపలే మొక్కుకుంది.

మూడోసారి బండి వచ్చింది. అడ్డుకు తగిలింది. ఇనుము మెత్తటి కొమ్మలా లోపలికి వంగింది గానీ తెగలేదు. లారీ చక్రం ఇంకో జానెడు దూరంలో తిరుగుతుండగా, బొమ్మ మనిషి వెనక్కి వచ్చి ఇవతలి పక్క రోడ్డు మీద పడ్డాడు. ఎవరో అరచెయ్యి అడ్డం పెట్టి తోసినట్టే అనిపించింది వీరరాఘవమ్మకి.

“నువ్వేనా చేసింది ఇది?” అని అడిగింది, కూతుర్ని ఎన్నడూ చూడనట్టు చూస్తూ. “ఇట్టాంటిది నిజంగా లారీలకి కడతారా?”

“కడతారమ్మా.”

నాలుగింటికి పది నిమిషాలుండగా ఫలితం చెన్నైకి వెళ్ళింది. కాసేపటికి జయకర్ సార్ ఫోన్ చేసి, కొత్త అడ్డునే తయారీకి పంపుతున్నామన్నాడు. సుప్రజ ఎగిరి గంతేసి, మళ్ళీ ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది.

“మొదట తప్పుగా వచ్చిందాన్ని తీసేస్తా. ఎవరన్నా చూస్తే నవ్వుతారు.”

“తీయబాక!”

ఆ అరుపుకి సుప్రజ చెయ్యి ఆగిపోయింది. వీరరాఘవమ్మ చేట పక్కనపెట్టి, కుర్చీ దగ్గరికి వచ్చి నిలబడింది.

“అదొక్కసారి పెట్టు.”

బండి వచ్చింది. లారీలోంచి, అడ్డులోంచి, గీత కూడా పడకుండా అవతలికి సాగిపోయింది.

“అటు దాటినాక ఆ మనిషి ఎటు పోతాడే?”

సుప్రజ బొమ్మని తెరమీద ఆపింది. “ఇంటికి పోతాడమ్మా,” అంది మెల్లగా.

“ఉండనీ మరి. నాకు కావాలది.”

“సరే. మంచిదాంతో కలిసిపోకుండా వేరే పేరు పెట్టాలి. ఏం పెట్టమంటావు?”

“మీ నాన్న పేరు.”