సలహా ఉచితం

"మళ్లీ కరిచింది అన్నయ్యా."

ఆ మాట వినగానే రంగుచేపల షాపాయనకి ఒళ్లు మండిపోయింది. చేతిలోని వలని బకెట్లోకి విసిరికొట్టాడు.

"ఎవర్ని?"

"చిన్నదాన్నే."

"ఇది ఎన్నోసారమ్మా?"

ఆమె పక్కవీధిలో బట్టలు కుట్టే చోట పనిచేస్తుంది. భుజం మీద దారప్పోగులు, కుడిచేతి వేలికి కట్టు. మిషన్ సూది గుచ్చుకుందట.

షాపు గుమ్మం మీద ఒక బోర్డు ఉంది. 'మీ చేపలు కొట్టుకుంటున్నాయా? సలహా ఉచితం.' దాని కింద ఆయనే రంగు తెచ్చి ఇంకో ముక్క రాశాడు. 'పాటించకపోతే తిట్లు కూడా.' ఉత్తుత్తి బెదిరింపు కాదది. సలహాకి వచ్చిన ప్రతివారి చేతా పుస్తకంలో చిరునామా రాయించుకుంటాడు. చేప చచ్చిందని తెలిస్తే ఇంటికెళ్లి మరీ తిట్టి వస్తాడు. ఇప్పటికి పదకొండు ఇళ్లలో తిట్టాడు. మనుషులంటే ఆయనకి పెద్ద గౌరవం లేదు. వాళ్లకి నోరుంది, చేపకి లేదు, అంతే ఆయన లెక్క.

ఈమె నెల కిందట వచ్చింది. బోర్డు చదువుతూ చాలాసేపు బయటే నిలబడి, ఆనక లోపలికి అడుగుపెట్టింది. పెద్దదొకటి చిన్నదాన్ని బతకనివ్వడం లేదంది. చిరునామా అడిగితే నసిగి నసిగి రాసింది.

"లోపలున్నవన్నీ చోటు మార్చెయ్యండి," అన్నాడాయన ఆ రోజు. "ఈ మూల నాది, ఆ మూల నాది అనుకునే ఇంత రెచ్చిపోతాయి. అన్నీ మారిస్తే తికమకపడి దారికొస్తుంది."

వారం తిరక్కుండా వచ్చింది. "అన్నీ మార్చాను అన్నయ్యా. ఇంకా రెచ్చిపోయింది."

"ఆకలేమో. కడుపునిండా పెట్టి చూడండి."

మళ్లీ వారం. "పెట్టాను. తిని మరీ కరిచింది."

"పెందలాడే లైటు తీసెయ్యండి. చీకట్లో అణిగి ఉంటుంది."

"చీకటి పడ్డాకే ఎక్కువ."

"అదేంటో నేనే వచ్చి చూస్తా పదండి."

"వద్దన్నయ్యా! ఇంటికి మాత్రం రాకండి."

ఇదిగో, ఇవాళ మళ్లీ. కరిచిందట. చిన్నదాన్నేనట.

"ఇంక నాకు చెప్పకండి," అన్నాడాయన. "ఆ పెద్దదాన్ని పట్టుకొచ్చి ఇక్కడ పారెయ్యండి. నా తిప్పలేవో నేను పడతాను."

ఆమె నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. "అది వచ్చే రకం కాదు. పైగా మా అత్తగారికి అదంటే ప్రాణం. పల్లెత్తు మాట అననివ్వరు. చిన్నదే దాని దారికి అడ్డం పోతోందంటారు."

ఆయన కోపం నషాళానికంటింది.

"మీ అత్తగారికి బుద్ధి లేదు, సరే. మీకేమొచ్చింది? పక్కనే ఉండి చూస్తూ ఊరుకున్నారా? కరిచేదాన్ని కాదమ్మా, చూస్తూ నిలబడేవాళ్లని ముందు తన్నాలి!"

మేత కొనడానికి వచ్చిన ఇద్దరు తలలు తిప్పి చూశారు. ఇంకొకరైతే చెప్పు తీసి ఉండేవారు. ఆమె ముఖం మాత్రం తెల్లగా పాలిపోయింది. బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"ఏం చెయ్యమంటారు?"

"పెద్దదాన్ని తియ్యలేకపోతే చిన్నదాన్ని తీసెయ్యండి. ఇవాళే. ఒక ప్లాస్టిక్ సంచి చాలు. రేపూ మాపూ అన్నారంటే అది మీకు దక్కదు."

"పుట్టినప్పట్నుంచీ అక్కడే ఉంది. కొత్తచోట బతుకుతుందా?"

"రెండ్రోజులు తిండి ముట్టదు. మూల నక్కుతుంది. మూడోరోజు అదే తిరగడం మొదలుపెడుతుంది. వందసార్లు చూశాను."

"తర్వాత మళ్లీ కలపొచ్చా? మారుతుందని అందరూ అంటున్నారు."

"ఆ అందర్నీ నా దగ్గరికి పంపండి, చెప్తాను! కరవడం మరిగింది మారదు. జన్మలో కలపొద్దు."

ఆమె తలూపింది. వస్తానని కూడా అనకుండా వెళ్లిపోయింది.

తర్వాతి వారం రాలేదు. ఆ పై వారమూ రాలేదు. అద్దాల తలుపు కిర్రుమన్నప్పుడల్లా ఆయన తలెత్తి చూశాడు, చూసిన ప్రతిసారీ కోపం ఇంకాస్త పెరిగింది. చిన్నది చచ్చిపోయి ఉంటుంది. ముఖం చెల్లక రావడం లేదు. నాలుగుసార్లు చెప్పించుకుని, నాలుగుసార్లు గాలికొదిలేసిన మనిషి!

ఆదివారం సాయంత్రం షాపు మూసేసి, చిన్న ఖాళీ తొట్టె ఒకటి చంకన పెట్టుకుని బయల్దేరాడు. చిన్నది బతికి ఉంటే అందులో వేసుకొచ్చేద్దామని. చచ్చి ఉంటే ఏమేం తిట్టాలో దారంతా కూర్చుకున్నాడు. అత్తగారికి విడిగా నాలుగు అట్టేపెట్టాడు.

మూడో అంతస్తు. తలుపు తీసింది ఒక పెద్దావిడ.

"చేపలెక్కడ?" అని గద్దించాడు. జవాబు కోసం ఆగకుండా గదంతా కలియజూశాడు. గోడ మీద బీరువా మరక ఒకచోట ఉంది, బీరువా ఇంకోచోట ఉంది. మంచం కిటికీ దగ్గర్నుంచి గుమ్మం దగ్గరికి జరిగినట్టు నేల మీద గీతలు. లోపలి గదిలో ఏదో భళ్లున పగిలింది. పెద్దావిడ ఉలిక్కిపడలేదు.

"మిమ్మల్నే! చిన్నది బతికుందా, చచ్చిందా?"

ఆవిడ ఆయన్నీ, చంకలోని తొట్టెనీ ఎగాదిగా చూసి, "మా ఇంట్లో ఏనాడూ చేపల్లేవు నాయనా, ఉన్న ఒక్క మనవరాల్నీ ప్లాస్టిక్ సంచిలో నాలుగు గౌన్లు కుక్కుకుని మా కోడలు తీసుకుపోయింది," అంది.