చీటీల పెట్టె

ఆ పెట్టెకు తాళం బిగించింది తాళాల మేస్త్రీయే. ఇప్పుడు దాన్ని దొంగతనంగా తీయబోతున్నదీ ఆయనే.

కాలనీ హాల్లో ప్రతి శనివారం ఓ నర్సమ్మ పదహారు, పదిహేడేళ్ళ పిల్లలకు క్లాసు చెబుతోంది. ప్రేమంటే ఏమిటి, ప్రేమ పేరుతో పెత్తనం చెలాయించేవాడు తగిలితే ఎవరికి చెప్పుకోవాలి, అదంతా. నోరు విప్పి అడగలేనివాళ్ళు చీటీ రాసి ఆ పెట్టెలో వేయొచ్చు. తను తప్ప ఎవరూ చూడరని నర్సమ్మ మాటిచ్చింది. ఉన్నది ఒకటే తాళంచెవి.

మొన్న మేస్త్రీ కూతురు అందులో చీటీ వేసింది. ఆయన కళ్ళారా చూశాడు. అప్పట్నుంచీ అన్నం సహించడం లేదు.

"ఫోన్ మోగితే చాలు, పిల్ల ఉలిక్కిపడుతోందండీ. దాన్నే అడగొచ్చుగా?" అంది భార్య.

"అడిగితే చెప్పే రకమా అది? నువ్వూరుకో. నాకు లొంగని తాళమా?"

ఎక్కడున్నావని కూతురికి ఫోన్ చేసి, దరిదాపుల్లో లేదని తేల్చుకుని, నర్సమ్మ రాకముందే హాల్లోకి దూరాడు. సన్నటి తీగతో రెండు తిప్పులు. తాళం ఊడింది. కూతురి గుండ్రటి రాత ఇట్టే దొరికింది.

'అరగంటకోసారి ఫోన్. ఎక్కడున్నావు, పక్కనెవరు, ఫోటో పంపు అని. స్నేహితులతో తిరక్కూడదట. చెప్పకుండా నా ఫోన్ తెరిచి మెసేజీలన్నీ చదవడం. ఏమంటే, ప్రేమకొద్దీ అట. ఇది ప్రేమేనా మేడమ్?'

మేస్త్రీ కళ్ళు ఎర్రబడ్డాయి, ఆ వెంటనే తడిశాయి. బంగారంలాంటి పిల్ల! ఎవడి చేతిలో పడిందో!

"ఏం చేస్తున్నారక్కడ?" వెనక నర్సమ్మ గొంతు.

"తాళం... బిగుసుకుందేమోనని... కాస్త నూనె..." అని నసిగాడు పాపం. ఇక ఆపుకోలేక చీటీ ఆవిడ మొహం ముందు ఆడించాడు. "నూనె సంగతి తర్వాత! ముందు వీడెవడో తేలాలమ్మా! కాళ్ళు విరగ్గొడతాను! పసిపిల్లని ఇలా కాల్చుకు తింటాడా? వీడికి బుద్ధి చెప్పేవాళ్ళే లేరా?"

నర్సమ్మకు చీటీ వెనకవైపు కనిపిస్తోంది. ఆవిడ పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది.

"ఉన్నారు. ఓసారి ఇటు తిప్పి చదవండి."

తిప్పాడు.

'మేడమ్ కంటే ముందు ఈ తాళం తీసి చదివేది నువ్వేనని తెలుసు నాన్నా, అరగంటకోసారి ఫోన్ చేసేదీ నువ్వేగా! తాళం మళ్ళీ వేసేసి, ఈ శనివారం నాతోపాటు క్లాసులో కూర్చో.'