పనిరాని మేస్త్రీ

"ఏమయ్యా, అది గోడనుకున్నావా, రొట్టెముక్కనుకున్నావా? వెన్న పూసినట్టు పూస్తున్నావేం?"

కిటికీ పక్క మంచంలోంచి ఆలోయిస్ వేసిన కేకకి పెరడంతా మోగిపోయింది. ఎదురుగా వంటింటి గోడకి నిచ్చెన వేసుకున్న మేస్త్రీ కొన్‌రాద్ వెనక్కి తిరిగైనా చూడలేదు. తాపీతో ఇంకాస్త సిమెంటు తీసి, వందేళ్ల ఎర్ర ఇటుకల మొహాన బూడిదరంగు మచ్చలు పడేలా అడ్డంగా రాశాడు.

"పాత ఇంటికి సున్నం పెట్టాలి, సిమెంటు కాదు. అది రాయిలా బిగుసుకుంటే ఒక్క చలికాలానికే ఇటుకలు పెచ్చులూడతాయి. ముందు నీళ్లైనా కొట్టావా? ఎండిన ఇటుకకి దాహమేస్తుందని నీకెవరూ చెప్పలేదా?"

"మంచంలో పడుకుని చెప్పేవాళ్లకి అన్నీ తేలికే, తాతా."

"తాతా అంట! నీకు తాపీ ఇచ్చినవాణ్ణి అనాలి."

వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తున్న త్రూదాకి ఆ తిట్లు వింటుంటే ప్రాణం లేచొచ్చినట్టుంది. చలికాలంలో చర్చి మెట్ల మీద మంచుకి జారి ఆమె భర్త ఆలోయిస్ తుంటి విరిగింది. ఎముక ఈస్టర్‌కల్లా అతుక్కుంది. మనసే అతుక్కోలేదు. ఊళ్లో సగం గోడలు కట్టిన మనిషి, "నా పనైపోయిందే" అని ఒక్క మాట అని అటు తిరిగి పడుకున్నాడు. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే ఆ కాళ్లు ఇక లేవవని డాక్టరు ఆమెను పక్కకి పిలిచి చెప్పాడు.

అందుకే త్రూదా బస్సెక్కి రిబ్నిక్ పట్నం వెళ్లింది. పాత ఇటుక పనిలో చుట్టుపక్కల అంతటి పేరున్నవాడు లేడని విని, కొన్‌రాద్‌ని కాళ్లావేళ్లా బతిమాలింది. గోడ బాగుచెయ్యమని కాదు, చెడగొట్టమని.

మధ్యాహ్నం తిండికి లోపలికొచ్చిన కొన్‌రాద్ చెంచా పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"నావల్ల కావట్లేదమ్మా. చెయ్యి ఎదురుతిరుగుతోంది. ఇసుక ఎక్కువ కలిపాను, గీకితే ఊడొచ్చేస్తుంది, దానికి భయం లేదు. కానీ ఆ గోడకేసి చూడాలంటేనే సిగ్గేస్తోంది."

"ఇంకొక్క రోజు ఓపిక పట్టు నాయనా. నిన్న దిండు మీంచి లేచి కూర్చున్నాడు. ఇవాళ కిటికీ గట్టు పట్టుకుని ముందుకు వంగాడు. రేపు వీధి గోడ మొదలెట్టు. మంచంలోంచి అది కనబడదు. తిట్టాలంటే లేవాల్సిందే."

కొన్‌రాద్ మొహం వాడిపోయింది. "చర్చికెళ్లే వాళ్లంతా ఆ గోడ పక్కనుంచేగా నడిచేది?"

త్రూదా అతని పళ్లెంలోకి ఇంకో మాంసం ముక్క వేసింది.

"సరేనమ్మా," అన్నాడు కొన్‌రాద్.

మర్నాడు పొద్దున్నే నిచ్చెన వీధిలోకి వెళ్లింది. తాపీ చప్పుడు వినబడుతోంది కానీ మనిషి కనబడడు. ఆలోయిస్ మెడ సాచాడు, అటూ ఇటూ కదిలాడు.

"ఎక్కడ చస్తున్నాడు వాడు?"

"వీధి గోడ దగ్గర," అంది త్రూదా, దుప్పటి మడతపెడుతూ. "బాగానే చేస్తున్నట్టున్నాడు. నాకేం తెలుసు ముసలోడా, సందుల నిండా సిమెంటు కూరేశాడు. రేపు ఆదివారం కదా, అందరూ చూస్తారు."

మంచం కిర్రుమంది. ఆలోయిస్ రెండు పాదాలూ నేల మీద ఆనాయి. త్రూదా చెయ్యి అందించబోయింది.

"ముట్టుకోకు."

కుర్చీ వీపు పట్టుకున్నాడు. పొయ్యి గట్టు పట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి ఒగర్చాడు. మెట్లు దిగి, పడకదుస్తుల్లోనే, చెప్పులు ఈడ్చుకుంటూ వీధిలోకి వచ్చి నిలబడ్డాడు. రొట్టెల సంచితో వెళ్తున్న పక్కింటి విధవరాలు శిలువ గుర్తు వేసుకుంది. ఎవరో టోపీ తీశారు.

"దిగు," అన్నాడు ఆలోయిస్.

కొన్‌రాద్ దిగాడు.

"తాపీ ఇటివ్వు. బకెట్టెడు నీళ్లు పట్రా. సున్నం బస్తా సామాన్ల కొట్లో ఉంది, మోసుకురా. నిలబడి చూస్తావేం?"

గోడకి భుజం ఆనించి, పూసినదంతా గీకిపారేశాడు. సందులు లోపలిదాకా శుభ్రం చేసి, ఇటుకలు తడిపి, సున్నం నింపి వేలితో నొక్కాడు. జనం పోగయ్యారు. మొదటి వరస పూర్తయ్యేసరికి ఎవరో చప్పట్లు మొదలెట్టారు, ఆ తర్వాత వీధి వీధంతా కొట్టింది. త్రూదా కొంగులేని మనిషి గనక మొహానికి ఏప్రను అడ్డం పెట్టుకుని ఏడ్చింది. గెలిచాను దేవుడా అనుకుంది.

సాయంత్రం ఆలోయిస్ ఎన్ని నెలల తర్వాతో వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ఎర్ర క్యాబేజీ కూర మారు వడ్డించుకుని మరీ తిన్నాడు.

"పాపం, ఆ కుర్రాణ్ణి ఊరందరి ముందూ నానా మాటలూ అన్నావు," అంది త్రూదా, నవ్వు దాచుకుంటూ.

"పెరటి గోడ దగ్గరికెళ్లి చూశావా? పనిరానివాడు సందుల్లోంచి పాత సున్నం చెక్కితే ఇటుకల అంచులు పగులుతాయి. వాడు చెక్కినంత మేరా ఒక్క అంచు కూడా పగల్లేదు. అలాంటి చెయ్యి నా జన్మలో చూళ్లేదే. మొదటి రోజే కిటికీలోంచి చూడగానే తెలిసిపోయింది, నువ్వేదో నాటకమాడుతున్నావని."

త్రూదా చేతిలో గరిటె ఆగిపోయింది. "మొదటి రోజే తెలిస్తే ఇవాళెందుకు లేచావు?"

"పెరట్లో అయితే చూసేది నేనొక్కణ్ణే, హాయిగా తిట్టుకుంటూ పడుకున్నా. వీధిలో అయితే ఊరంతా చూస్తుంది. నన్ను లేపడానికి అంత మంచి మేస్త్రీ పేరు పోగొట్టుకుంటుంటే, ఇంకా ఎలా పడుకోమంటావే?"