అరువు జాకెట్లు

తనిఖీ ఆఫీసరు మూడో పడవ ఇంజన్ గదిలోంచి తల బయటికి పెట్టేసరికి జాకెట్లు నాలుగో పడవలోకి చేరిపోయాయి.

ఆ జెట్టీలో ఇది ఏటా జరిగే పనే. పడవలో మనిషికో లైఫ్ జాకెట్ ఉండాలన్నది రూలు. జెట్టీ మొత్తానికి ఉన్నవి ఆరు. ఆఫీసరు వాటిని లెక్కపెట్టి ఇంజన్ వైపు తిరగగానే అవి వలల బుట్టలోకి ఎక్కేవి. టార్పాలిన్ చాటున చేతులు మారి, తర్వాతి పడవలో కొక్కేలకు వేలాడేవి.

"కొత్తాయన. పాపం, ఎంత శ్రద్ధగా రాసుకుంటున్నాడో చూడండి" అని నవ్వాడు రేడియో. రెండు పడవల యజమాని అతను. నోరు మూతపడదు కనుక అందరికీ రేడియో.

ఆ ఆరు జాకెట్లూ చివరి పడవ ఆవిడవి. జెట్టీ అంతటికీ ఆవిడ వదిన. భర్త పోయాక పడవ తోలడానికి సరంగును పెట్టుకుని వ్యవహారమంతా తనే నడిపిస్తోంది. జాకెట్లు ఆయన ముచ్చటపడి కొన్నవే. అలాంటి మనిషి ఒకరోజు వాటిని ఒడ్డునే వదిలేసి వేటకి వెళ్ళాడు. గాలికి పడవ తిరగబడింది. మిగతావాళ్ళను వేరే పడవ అందుకుంది. పడవనూ లాక్కొచ్చారు. ఆయన్ని తేలేకపోయారు.

'కొన్నవాడే వద్దనుకున్నాడు, మనకెందుకు?' అన్న మాట అప్పటినుంచీ జెట్టీలో నలుగుతూనే ఉంది.

ఆఫీసరు చివరి పడవ ఎక్కాడు. జాకెట్లు లెక్కపెట్టాడు. ఒకదాని తాడు పట్టుకుని వేళ్ళ మధ్య తిప్పాడు.

"రెండో పడవలో ఈ తాడు తెగి ఉంటే నేనే ముడి వేశానమ్మా" అన్నాడు.

జెట్టీ మూగబోయింది. రేడియోతో సహా.

"ఇవి మీవేనా?"

'మా సరంగు వేసిన ముడి సార్' అంటే సరిపోయేది. ఆఫీసరు కూడా పొద్దున్నుంచీ ఎండలో తిరిగి అలిసిపోయాడు. అలాంటి జవాబు ఏదో వస్తే దిగి వెళ్ళిపోయేలాగే ఉన్నాడు. రేడియో కళ్ళతోనే బతిమాలుతున్నాడు.

"మావే సార్" అంది వదిన. "పొద్దున్నుంచీ అన్ని పడవల్లో మీరు చూసినవీ ఇవే."

ఎవరి జాకెట్లు వాళ్ళు తెచ్చుకునేదాకా పడవలు కదలడానికి వీల్లేదని చెప్పి ఆఫీసరు వెళ్ళిపోయాడు. వదిన పడవ ఒక్కదానికే అనుమతి దొరికింది.

"మా పొట్ట కొట్టావు వదినా" అన్నాడు రేడియో. "నాలుగు చేపలు పడే రోజులివి. మేం ఒడ్డున గవ్వలు ఏరుకుంటుంటే నీ పడవ దర్జాగా వెళ్తుంది."

"నాదీ వెళ్ళదు. మీవి కదిలేదాకా కట్టేసే ఉంచుతాను."

"ఓహో. పుణ్యం నీకు, పస్తులు మాకు."

తలా ఒక మాట అన్నారు. వలలు బాగుచేసే ఆడవాళ్ళు మొహం తిప్పుకున్నారు. ఆవిడ మరిది ఒక్కడే నోరెత్తలేదు. అతని పడవా ఆగిపోయింది. అయినా పడవ అంచు పట్టుకుని నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డాడు.

"సొంత మరిదివని కూడా చూడలేదు. నువ్వైనా అడగవేంరా?" అని రేడియో ఎగదోశాడు.

మరిది తల వంచుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం కూతురు మంచు ఫ్యాక్టరీ నుంచి వస్తూనే సంచి మూలకి విసిరింది.

"రేపటినుంచి పనిలోకి రావద్దన్నారు. పడవలు ఆగిపోతే మంచు ఎవరు కొంటారు? ఇప్పుడు సంతోషమేనా అమ్మా?"

తల్లి జాకెట్లను ఒక్కొక్కటే మంచినీళ్ళలో ముంచి, ఉప్పు వదలగొట్టి దండెం మీద ఆరేస్తోంది.

"నాన్నే వీటిని లెక్కచెయ్యలేదు. నీకెందుకింత పిచ్చి?"

"మీ నాన్నని ఏమీ అనకే."

"ఎందుకనకూడదు? మన గురించి ఒక్క క్షణం ఆలోచించి ఉంటే వేసుకునేవాడు. ఒక్క తాడు, ఒక్క ముడి. అదీ మనకోసం వేసుకోలేకపోయాడు."

తల్లి లోపలికి వెళ్ళి, భర్త ఫొటో పక్కనున్న దేవుడి పటం ముందు దీపం పెట్టింది. ఒకప్పుడు 'ఎందుకిలా చేశావు తండ్రీ' అని రోజూ అడిగేది. అది దేవుణ్ణి అడగాల్సిన ప్రశ్న కాదేమో అనిపించి మానేసింది.

గుమ్మంలో చప్పుడైంది. మరిది. లోపలికి రాలేదు.

"మా పడవకి ఆరు జాకెట్లు చెప్పి వచ్చాను వదినా. అన్నీ కొత్తవే."

"మంచిపని చేశావు నాయనా."

అతను దండెం మీద జాకెట్లను చూశాడు. చూడలేక చూపు తిప్పుకున్నాడు.

"రేడియో తిట్టినా పడతాను. పిల్ల కూడా అన్నయ్యని అలా అంటుంటే వినలేకపోతున్నాను. ఇకనైనా చెప్పేద్దాం వదినా."

"ఏం చెప్పాలి?" అంది కూతురు, ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ.

ఆవిడ దీపం దగ్గరనుంచి లేచి వచ్చి, కూతురి చెయ్యి పట్టుకుంది.

"మీ నాన్న వాటిని వదిలేసి వెళ్ళలేదే, ఆ రోజు బాబాయి పడవకి తనిఖీ ఉందని, తెల్లారకముందే ఆయనకి చెప్పకుండా నేనే మన పడవలోంచి దింపి బాబాయి చేతికిచ్చాను."